పదియంకెల గుట్టు

ఇంటిగుట్టు లంకకు చేటను సామెత నెరుగని తెలుగు గృహిణి యుండదు. పెట్టెలో నెన్ని కాసులున్నవో, కోడలికి నెల తప్పినదో లేదో, అల్లుని జీత మెంతో, పెద్దవానికి సంబంధ మెక్కడ కుదురుచున్నదో పొరుగింటి పిన్నిగారు తిప్పితిప్పి పదిమార్లడిగినను నవ్వుచు మాట మార్చుట మన కుగ్గుపాలతో నబ్బిన విద్య. అట్టి యిల్లాండ్రే తెనాలి బోసురోడ్డున నొక బట్టలకొట్టులో రెండువందల రూపాయల జాకెట్టుముక్క కొని, బిల్లు కొట్టు కుర్రవాడు "నంబరు చెప్పండమ్మా" అన్నంతనే, వెనుక నిలిచిన పదిమందికి వినబడునట్లు ఫోనునంబరు పదియంకెలును చదివి చెప్పుచుండుట మేము నిత్యము చూచుచున్నాము. కుర్రవానికి సరిగా వినబడలేదన్నచో రెండవమారు మరింత గట్టిగా చెప్పుదురు.

మా అమ్మమ్మ తన జీవితకాలమున నొక్కమారైనను పెనిమిటి పేరు నోట పలుకలేదు. జనాభాలెక్కల గుమాస్తా వచ్చి యడిగినపుడు తలుపుచాటున నిలువబడి, ఎదురింటి పిల్లవానిని పిలిచి వానిచేత చెప్పించెడిది. ఆ యాచారము తిరిగి రావలెనని మేము కోరుట లేదు. భర్తపేరు పలికిన నాతని యాయుష్షు తరుగునను మాట నమ్మువారమును కాము. కాని యా తలుపుచాటున నిలిచియే యామె యొక్క నిమిషము తలపోసెడిది: వచ్చినవా డెవడు, ఎందుల కడుగుచున్నాడు, చెప్పిన మాట యెచ్చటికి పోవును? ఆ యొక్క నిమిషము నేడు దుకాణపు బల్లయొద్ద మనకు దక్కుట లేదు.

నిజము చెప్పవలెనన్న, ఆ గుమాస్తాకు చెప్పిన మాటకు గట్టి కాపుదల యున్నది. స్వరాజ్యము వచ్చిన మరుసటి యేడే, అనగా 1948లో, జనగణన చట్టము చేయబడినది. దాని 15వ విభాగము ప్రకారము ఇంటివారు చెప్పిన వివరములను మరియొకరు చూడరాదు, న్యాయస్థానమున సాక్ష్యముగా కూడ నవి చెల్లవు. వాని నక్రమముగా బయటపెట్టిన యుద్యోగికి శిక్ష కలదు. 2027 మార్చి 1వ తేది నాటి లెక్కగా నేర్పరచిన జనగణనము ఫోనుల మీద, కంప్యూటరుల మీద సాగునదియే యైనను ఈ చట్టమునకు లోబడినదే. సర్కారువారు ముంగిట నిలిచి యడిగిన ప్రశ్నకే యిన్ని కట్టుబాట్లుండగా, జాకెట్టుముక్క యమ్మినవానికి మన మేమియు నడుగక యిచ్చు కానుక యెంతటిదో యోచింపుడు.

కొందరు సోదరీమణులు, "నంబరులో నేమున్నదండీ, పదియంకెలే గదా, పేరు కూడ చెప్పలేదు" అందురు. పేరు చెప్పినను అంత చిక్కు లేదు. తెనాలిలో లక్ష్ములెందరో, సీతలెందరో! పేరు పలువురిది, నంబరు మాత్ర మొక్కరిదే. అదే నంబరు బ్యాంకులో నున్నది, వంటగ్యాసువానియొద్ద నున్నది, ఆధారుకార్డునకు ముడిపడియున్నది, పిల్లల బడిలో, రక్తపరీక్ష చేయించుకొన్న చోట, నగలచీటీ కట్టుచున్న చోట వ్రాయబడియున్నది. మల్లెలు వేరు, కనకాంబరములు వేరు, మరువము వేరు. వాని నన్నింటిని దండగా చేయునది నడుమనున్న దారము. ఒక్కొక్క కొట్టువాని కొక్కొక్క పువ్వే చిక్కవచ్చును. దారము చేతజిక్కినవానికి దండ యంతయు చిక్కును. ఏ వీథిలో నుందుము, నెలకెంత ఖర్చుపెట్టుదుము, ఇంట పసిపిల్లలున్నారో ముసలివారున్నారో, ఎవరికి చక్కెరవ్యాధి యున్నదో మనల నొక్క ప్రశ్నయు నడుగకయే కూర్చుకొనవచ్చును. మన నంబరు తెలిసినవాడు డబ్బు పంపువానివలె ఫోనులో దానిని కొట్టెనా, బ్యాంకులో వ్రాయించుకొన్న పేరు సైతము వాని కండ్లయెదుట నిలుచును. అప్పుడు లక్ష్ముల గుంపులో దాగుకొనుటకును వీలులేదు.

ఇది ఉత్తభయము కాదు. 2017లో ఉత్తరప్రదేశమున ఫోనులకు డబ్బు వేయు చిన్నదుకాణములవారు కొందరు, తమయొద్దకు వచ్చిన ఆడపిల్లల నంబరులను కాగితములపై వ్రాసికొని, వారి రూపమునుబట్టి వెలకట్టి పోకిరులకు అమ్మినట్లు పత్రికలలో వచ్చినది. ఆ నంబరులకు రాత్రింబవళ్లు పిలుపులు వచ్చెడివి. ఆ పిల్లలు చేసిన నేరమెల్ల తమ ఫోనులో డబ్బు వేయించుకొనుటయే. మన యూళ్లలో నట్టి వారెవరును లేరని ప్రమాణము చేయగలవా రెవరు?

అడిగినవాని కీయననుటకు మనకు హక్కు లేదా? ఉన్నది. 2023 మే నెలలో కేంద్రప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖవారు, నంబరు చెప్పినగాని బిల్లు నీయమని కొట్టువారు పట్టుపట్టుట అన్యాయపు వ్యాపారపద్ధతి యని చెప్పి, అట్లు చేయరాదని వర్తకసంఘములకు తెలియజేసిరి. ఈ సంగతి తెలిసికొని మేము తెనాలిలోనే యొక పెద్దకొట్టులో "మా నంబ రియ్యము, డబ్బు పుచ్చుకొని బిల్లిమ్ము" అంటిమి. కుర్రవాడు మావంక జాలిగా చూచి, "నంబరు లేకపోతే కంప్యూటరు ముందుకు పోదమ్మా" అనెను. మేము కదలలేదు. వెనుక వరుసలోని యొకావిడ, "చెప్పేద్దురూ, వంటకు పొద్దుపోతోంది" అని విసుగుకొనెను. కొట్టు యజమాని వచ్చి, "మంచి తగ్గింపులున్నపుడు మెసేజీ పంపుతామండీ, మీ మేలు కోసమే" అనెను. మా మేలు మేము చూచుకొందుమని మేమును నవ్వుచునే చెప్పితిమి. తుద కా కుర్రవాడు తొమ్మిదిమీట నేలుతో పట్టి పదిమార్లు నొక్కెను. కంప్యూటరు కిమ్మనక ముందుకు పోయినది! అంతవరకు ముందుకు పోనిది యంత్రము కాదు, యజమాని యాశ యని యా వరుసలోనివారందరికి తెలిసినది. విసుగుకొన్న యావిడ కూడ తన వంతు వచ్చినపుడు, "నాకూ ఆ తొమ్మిదులే వెయ్యి నాయనా" అనెను.

బట్టలకొట్టు సంగతి నవ్వులాటగా పోవచ్చును గాని మందులకొట్టు సంగతి యట్లు కాదు. 2018లో మన రాష్ట్రమున జరిగినదానిని చదువరులలో కొందరైన జ్ఞాపకముంచుకొనియుందురు. చవుకగా మందులమ్ముటకు ప్రభుత్వమువారు పెట్టించిన అన్న సంజీవిని దుకాణములలో ఎవరే మందు కొనిరో ఆ వివరములు, కొన్నవారి పేర్లతోను ఫోనునంబరులతోను, అంతర్జాలమున నెవరైన చూచునట్లు బయటపడియుండెను. నలుగురిలో చెప్పుకొనలేని మందులు కొన్నవారి పేర్లును అందున్నవి. ఆ యేడే రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ పుటలో లక్షా ముప్పదినాలుగువేలమంది లబ్ధిదారుల ఆధారుసంఖ్యలు, బ్యాంకు వివరములు, కులమతములతో సహా కనబడినవి. దొంగ లెవరును తాళము పగులగొట్టలేదు. తలుపు వేయుటయే మరచిరి. విషయము పైకివచ్చిన పిమ్మట మూసిరి. నడుమ నెవ్వరు చూచిపోయిరో యెట్లు తెలియును?

మా బంధువర్గమున నొక యమ్మాయి కిటువంటి తలుపు తెరచియుండుటవలన కలిగిన బాధ మేము కన్నులార చూచితిమి. ఆమె మొదటి కాన్పునకై ఒక యాసుపత్రిలో పేరు వ్రాయించుకొనెను. నంబరిచ్చెను, ఇయ్యక తప్పదు గదా. ఇంటిలో పెద్దవారికే యింకను చెప్పకమునుపే పసిపిల్లల వస్తువు లమ్మువారు, భీమా కట్టుమనువారు, బొడ్డుతాటి రక్తము దాచిపెట్టుదుమనువారు వరుసగా పిలువసాగిరి. అయిదవనెలలో గర్భము నిలువలేదు. ఆమె దుఃఖముతో పుట్టింటి కేగెను. పిలుపులు మాత్ర మాగలేదు. మరి నాలుగునెలలకు, సరిగా కాన్పు కావలసిన వారమున, ఎవరో యొక గొంతు, "పాప పుట్టిందా మేడం, బాబా?" అని యడిగెను. ఆ పిల్ల ఫోను నేలకు విసరి మూడుదినములు దానిని ముట్టలేదు. పిలిచిన యమ్మాయి దోషము కాదు. ఆమెకొక పట్టీ యిచ్చి, వరుసగా పిలువుమని చెప్పియుందురు. ఆ పట్టీ యాసుపత్రి గడప దాటి యెట్లు పోయెనని మేము వెళ్లి యడిగితిమి. "మా దగ్గరనుంచి పోలేదండీ" అని యొక్కటే మాట. మరి గాలికి పోయెనా?

దూరదేశపు స్త్రీలకును ఈ బాధ తప్పలేదు. నెలసరి తేదులు వ్రాసికొనుటకు ఫ్లో అను యాప్ ఒకటి కలదు. కోట్లమంది స్త్రీలు దానిని నమ్మి వాడిరి. వివరములు రహస్యముగా నుంచుదుమని మాట యిచ్చియు, ఆ సంస్థ వానిని ఫేస్‌బుక్కు మొదలగు కంపెనీలకు తెలియజేసినదని అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌వా రభియోగము మోపగా, 2021లో అది కమిషనువారితో నొప్పందము చేసికొనవలసివచ్చెను. మనయిండ్లలో వెనుకటి దినములలో ఈ సంగతి నోట చెప్పుటకు సిగ్గుపడి 'దూరము', 'బయట' అని మరుగుమాటలతో సరిపెట్టెడివారు. అంత సిగ్గు మంచిది కాదు, ఆడపిల్లలకు తమ దేహమును గూర్చి స్పష్టముగా చెప్పవలసినదే. అయితే కన్నతల్లికి చెప్పుటకు సిగ్గుపడిన మాటను సముద్రముల కావలనున్న ప్రకటనలవ్యాపారికి చెప్పుట యే సంస్కారమో మాకు బోధపడుట లేదు. గోడకు తగిలించిన క్యాలెండరుపై చిన్న చుక్క పెట్టుకొన్నచో ఆ చుక్క యేమిటో పెట్టినవారికే తెలియును.

ఇక ఫోనుల వాలకమును గూర్చి. వెలుతురుకై దీపపు యాప్ నొకటి పెట్టుకొనబోయినచో, మీ పరిచయస్థుల నంబరులన్నియు చూడనిత్తురా, మీరున్న చోటు తెలిసికొననిత్తురా యని యది యడుగును. దీపమునకు మన చుట్టములతో నేమిపని? మా యింట క్రొత్త టెలివిజను కొన్నప్పుడు, బొమ్మ రాకమునుపే ఇంగ్లీషున నలువది పుటల షరతులు వచ్చినవి. క్రింద నొక్కటే మీట: 'అంగీకరించుచున్నాను'. అంగీకరింపనను మీట లేదు. వేలు పోసి కొన్న సొంత వస్తువు మన గదిలో మన బల్లమీద కూర్చుండి మనకు షరతులు పెట్టుట వింతగా లేదా? రుబ్బురోలు కొన్ననాడు మన మెవరి షరతులకును తలయూపలేదు. తలయూపిన పిమ్మటనైన టెలివిజను సరిగా నడచినదా యన్న, అదియును లేదు. పాడైనపుడు బాగుచేయువానికొరకు పిలిచిన యంత్రపు గొంతు మాటలాడును. ఒకటి నొక్కుడు, రెండు నొక్కుడు అనును. మనుష్యుడు దొరకునంతలో పాలు పొంగిపోవును.

ఇంగ్లీషు షరతుల విషయమున మాత్ర మొక యాశ కనబడుచున్నది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై యొక చట్టము చేసినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యమైన భాగములు అమలునకు వచ్చుటకు పదునెనిమిది నెలల గడువిచ్చిరి. మన వివరములు పుచ్చుకొనువాడు ఎందులకు పుచ్చుకొనుచున్నాడో ముందుగా తెలియజేయవలెననియు, ఆ తెలియజేయుట ఇంగ్లీషుననే కాక, కోరినచో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని యే భాషలోనైన నుండవలెననియు నందున్నది. తెలుగు ఆ షెడ్యూలులో నున్నదే. ఇచ్చిన సమ్మతిని తిరిగి తీసికొనవచ్చును. తప్పుచేసినవానికి రెండువందల యేబది కోట్ల రూపాయలవరకు జరిమానా వేయవచ్చును. చట్టములో ప్రభుత్వమునకు చేసిన మినహాయింపులు హెచ్చుగా నున్నవని విమర్శించువా రున్నారు; మాకును అట్లే తోచుచున్నది. ఏమైనను, ఇటుపై "ఆ కాగితము తెలుగున నిమ్ము" అని యడుగుటకు మన కాధారము కలిగినది.

దీని వేరు 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీముకోర్టువారిచ్చిన తీర్పులో నున్నది. కర్ణాటకమున హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి తీసికొన్న కె. ఎస్. పుట్టస్వామిగారను వృద్ధుడు, ఎనుబదియేండ్లు దాటిన వయస్సున 2012లో ఆధారు విషయమై వ్యాజ్యము వేసెను. తొమ్మండుగురు న్యాయమూర్తులు కూర్చుండి, గుట్టు కాపాడుకొనుట మనుష్యుని ప్రాథమికహక్కని యేకకంఠముగా చెప్పిరి. మరుసటియేడు సెప్టెంబరు 26వ తేదీన వచ్చిన తీర్పులో ప్రభుత్వపు సహాయములకు ఆధారు నిలిచినది గాని, బ్యాంకుఖాతాకును సిమ్మునకును అది తప్పనిసరి కాదని తేలినది. ఇంటిగుట్టను మాట మనకు సామెతగా నుండగా, ఆ మహనీయునివలన రాజ్యాంగమున హక్కుగా నిలిచినది.

తెనాలినుండి రేపల్లె పోవు బండిలో ఆడువారి నడుమ కూర్చున్నచో ఈ హక్కు గతి యెట్లున్నదో తెలియును. వేమూరు దాటకమునుపే ఒకావిడ తన బ్యాంకువారితో మాటలాడుచు ఆధారుసంఖ్య పన్నెండంకెలును పెట్టె యంతటికి వినిపించును. వేరొకావిడ ఫోనునకు వచ్చిన ఓటీపీని కొడుకునకు అరచి చెప్పును. ఆ దారిలోనే భట్టిప్రోలు వచ్చును. అచ్చటి బౌద్ధస్తూపమును 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వించినపుడు దొరకిన రాతిబరిణెలమీద, ధాతువులను నిక్షేపించిన గోష్ఠివారి పేర్లు బ్రాహ్మీలిపిలో చెక్కియున్నవి. వారు తమ పేర్లను తామై కోరి చెక్కించుకొనిరి, మూతవేసి భూమిలో నుంచిరి. రెండువేల యేండ్లు దాటువరకు వాని నెవరును చూడలేదు. మన ఓటీపీ బండి భట్టిప్రోలు చేరకమునుపే పదిమంది చెవుల పడుచున్నది.

వేలిముద్రల మాట వేరే చెప్పవలెను. దుగ్గిరాల పసుపుయార్డులో పసుపుకొమ్ములు చెరుగు చేతులు, రేపల్లె వైపున రొయ్యలు వలుచు చేతులు గీతలరిగి నునుపెక్కియుండును. బియ్యపుకార్డునకై యంత్రముమీద వ్రేలుంచగా యంత్రము కాదనును. ఒకటికి పదిమార్లు తుడిచి పెట్టించి, తుదకు రేపు రమ్మందురు. ముప్పదియేండ్లు పనిచేసి యరిగిన వ్రేలిని యంత్రము గుర్తింపదట. అట్టి వ్రేలికి కంటిపాప ముద్ర మార్గము కలదని చెప్పువారును తక్కువ. మరి యా వ్రేలిముద్రలు భద్రముగా నున్నవా? 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ముల వ్యాపారి భూముల రిజిస్ట్రేషను దస్తావేజులపైనున్న వేలిముద్రలను అంతర్జాలమునుండి తీసి, వాని యచ్చులు చేసి, వేలకొలది సిమ్ములకు ప్రాణము పోసినట్లు పోలీసులు కనుగొనిరి. తాళము పోయినచో క్రొత్తతాళము కొనవచ్చును. వ్రేలు పోయినచో క్రొత్తవ్రేలు మొలవదు. ఆధారువారి యాప్‌లో వేలిముద్రలకు గడియ వేసికొను వీలున్నది. అవసరమైనపుడు తీసి మరల వేసికొనవచ్చును. ఎనిమిదంకెలు మరుగుపరచి నాలుగే కనబడు ఆధారుప్రతిని కూడ నక్కడనే తీసికొనవచ్చును. హోటలుగదికిని సిమ్మునకును ప్రతి యడిగినవాని కది చాలదా?

రేపల్లెలో మా యెరిగిన యొక యిల్లాలి సంగతి చెప్పక యీ వ్యాసము ముగింపజాలము. ఆమె భర్తకు చిన్న వ్యాపారము. ఇంటిలో రెండు ఫోనులు, రెండు సిమ్ములును ఆయనపేరనే. బ్యాంకులో నామె ఖాతాకు, గ్యాసునకు, ఆమె ఆధారుకార్డునకు సైతము భర్త నంబరే ముడివేయబడియుండెను. "ఆయన చూచుకొందురు గదా" అని యామెయు, "దానికేమి తెలియును" అని యాయనయు అనుకొనిరి. ఆయన హఠాత్తుగా కాలముచేసెను. కర్మకాండలు, అప్పులవారు, పిల్లల చదువు, ఈ గొడవలలో ఆ ఫోనునకు డబ్బు వేయువారు లేకపోయిరి. వాడకయున్న నంబరును తొంబది దినముల పిమ్మట తీసివేయవచ్చును. అటుపిమ్మట మరి తొంబది దినములు గడచినచో నింకొకరికి కేటాయింపవచ్చును. అట్లే జరిగినది. సంవత్సరీకములు దగ్గరపడునాటికి ఆ నంబరు ఏ యూరివాడో, ఎవడో, ముఖము తెలియని యొక మగవాని జేబులో నున్నది. ఆమె బ్యాంకునకు పోయి తన డబ్బు తాను తీసికొనబోయినప్పుడెల్ల ఓటీపీ యా మగవానికి పోవుచుండెను. వాడు మంచివాడే కావచ్చును. కొన్నిమారులు పిలిచి అంకెలు చెప్పెను కూడ. కాని తన సొమ్మునకు తాను అపరిచితుని బ్రతిమాలుకొనవలసిన స్థితి యెట్టిదో తలపోయుడు. ఆ ముడులన్నియు విప్పించుటకు మరణధ్రువపత్రము, వారసత్వపత్రము పట్టుకొని ఆమె యెనిమిదినెలలు తిరిగెను.

ఆమెను చూచిన నాటినుండి మాకొక యభిప్రాయము స్థిరపడినది. పూర్వము పెండ్లినాడు ఆడుపిల్లకు పసుపుకుంకుమల క్రింద నింత భూమియో బంగారమో స్త్రీధనముగా వ్రాసియిచ్చెడివారు. దానిమీద భర్తకుగాని అత్తమామలకుగాని పెత్తనము లేదు. ఈ కాలమున ఆడుదానికి తన పేరనున్న ఫోనునంబరు అట్టి స్త్రీధనము. అది తన పేరనుండవలెను, తన చేతనుండవలెను, దాని తాళపుమాట తన కొక్కతెకే తెలియవలెను. దానిని బట్టలకొట్టువానికి పంచిపెట్టరాదన్న మాట తరువాతిది. ముందు అది తనది కావలెను గదా!

బాపట్లలో మా స్నేహితురాలి యింట ఈ మాట యనగా పెద్ద చర్చ జరిగినది. ఆమె పొదుపుసంఘమున పెద్దది. సంఘపు సభ్యురాండ్రలో పదునొకండుగురి సిమ్ములు భర్తల పేరనో కొడుకుల పేరనో యున్నట్లు నాడే బయటపడినది. ఒక వృద్ధురాలు, "మొగుడికీ పెళ్లానికీ మధ్య గుట్టేమిటమ్మా, కలికాలం కాకపోతే" అనెను. మా స్నేహితురాలి కోడలు, చదువుకొన్న పిల్ల, మెల్లగా, "అత్తయ్యా, మీ పోపులడబ్బాలోని వందనోట్లు మామయ్యగారికి తెలుసాండీ?" అని యడిగెను. వృద్ధురాలితో సహా అందరును పకపక నవ్విరి. పోపులడబ్బా లేని యిల్లు బాపట్లలో లేదు, మరెక్కడను లేదు. అది మోసము కాదు. పిల్లవానికి రాత్రివేళ జ్వరము వచ్చినపుడు ఎవరిని చేయిచాపకుండ రిక్షాకిచ్చిన డబ్బు దానిలోనిదే. ఇప్పుడు జీతము, పింఛను, పొదుపు, గ్యాసు రాయితీ యన్నియు ఫోనులోనికి పోయినవి. నోట్లున్న డబ్బా కెవరును పాసువర్డడుగలేదు గాని, ఈ క్రొత్తడబ్బాను మాత్రము ఇంటిలోని మగపిల్లలు తామే తెరచి చూచుట హక్కనుకొనుచున్నారు. తల్లి ఫోనులో నెవరితో మాటలాడెనో కొడుకు చూచుట, కోడలి ఫోనులో పుట్టింటివారి సందేశములు అత్త చదివించుకొనుట ప్రేమ యని కొందరు చెప్పుదురు. మేము దానిని ప్రేమ యనజాలము.

ఆ మధ్యాహ్నమే కొన్ని సంగతులు వారికి తెలిపితిమి. కేంద్రప్రభుత్వమువారి సంచార్ సాథీలో తమ పేర నెన్ని సిమ్ములున్నవో చూచుకొనవచ్చును, తమవి కానివానిని తీసివేయింపవచ్చును. బ్యాంకుడబ్బు మోసమున పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు పిలువవలెను. ఎంత త్వరగా పిలిచిన నంత మేలు. వీడియోలో పోలీసు దుస్తులతో కనబడి మిమ్ముల నరెస్టు చేసినామను వాడు దొంగయే, ఫోనులో నరెస్టు చేయు చట్టము మన దేశమున లేదు. ఆధారు నకలు ఇయ్యక తప్పనిచోట, దేనికొరకిచ్చితిమో తేదీతోసహా దానిమీదనే వ్రాసి సంతకము చేయుట మంచిది.

పదునొకండుగురును మరునాడు కలిసికట్టుగా బయలుదేరి సిమ్ముల కార్యాలయమునకు పోయిరి. పేరు మార్చుటకు ఎవరిపేర సిమ్మున్నదో ఆయన సంతకమును, గుర్తింపుపత్రమును కావలెనని అక్కడివారు చెప్పిరి. ఎనిమిదిమంది పని ఆ వారములోనే ముగిసినది. ఇద్దరి భర్తలు "ఇప్పు డేమి తొందర" అనుచు కాగితమును అలమరలో పెట్టియుంచిరి. పదునొకండవయామె, పోపులడబ్బా వృద్ధురాలు, కొడుకు హైదరాబాదునుండి పండుగకు వచ్చినపుడు సంతకము చేయించుకొందునని కాగితమును మడిచి బొడ్డున దోపుకొని వెళ్లినది.